ముందుగా కొట్టిన గంట

మా ఊరి స్టేషన్‌లో ఆగే బండ్లు తక్కువ, ఆగకుండా పోయేవి ఎక్కువ. పెద్ద లైను కాబట్టి ఎక్స్‌ప్రెస్‌లు ఊరి ముఖం చూడకుండానే దూసుకుపోతాయి. ఆగేది ప్యాసింజరు. అది రెండో ప్లాట్‌ఫారం మీదికి వస్తుంది. నీడ, బెంచీలు, టీ కొట్టు, నీళ్ల కుళాయి మాత్రం ఒకటో ప్లాట్‌ఫారం మీదే ఉన్నాయి. రెండింటికీ నడుమ ఆ పెద్ద లైను పట్టాలు. దాటడానికి మెట్ల వంతెన ఉంది గాని అది సరుకుల షెడ్డుకు అవతల, ఎవరికీ పనికిరాని చోట ఉంది. దాన్ని ఎక్కిన మనిషిని నేను చూడలేదు.

అందుకని ఇక్కడ ఒక అలవాటు స్థిరపడింది. ఎక్కడా రాసి లేదు, అందరికీ తెలుసు. గంట ఒకసారి మోగితే ఆగని బండి వస్తోందని, ఎవరూ కదలరు. రెండుసార్లు మోగితే పెద్ద లైను ఖాళీగా ఉందని, ప్యాసింజరు వస్తోందని. అందరూ దిగి దాటుతారు. గంట కొట్టే పోర్టరే "రండమ్మా, తొందరగా రండి" అని చెయ్యి ఊపుతాడు. స్టేషన్ మాస్టరు కూడా మధ్యాహ్నం భోజనానికి ఈ పట్టాలు దాటే ఇంటికి వెళ్తాడు.

నా భార్య పక్క ఊరి ఆస్పత్రిలో నర్సు. రోజూ ప్యాసింజరుకే వెళ్లేది. ఆ ఉదయం గంట రెండుసార్లు మోగింది. జనం దిగారు. వచ్చింది ఎక్స్‌ప్రెస్. ముందున్నవాళ్లు దాటేశారు, వెనకున్నవాళ్లు వెనక్కి తగ్గారు. ఆమె నడుమ ఉంది.

ప్యాసింజరు అప్పటికింకా వెనకటి స్టేషన్‌ కూడా వదల్లేదు. ఆ రోజు పై అధికారి ఎవరో తనిఖీకి వస్తున్నారట. తెల్లవారకముందే ఒకటో ప్లాట్‌ఫారం కడిగించారు. కడిగిన చోట జనం మూటలతో కూర్చుంటే బాగుండదు కదా. వాళ్లను లేపడానికి గంటకన్నా తేలిక మార్గం ఎవరికీ తోచలేదు. ఎక్స్‌ప్రెస్ వచ్చేలోగా అందరూ దాటేస్తారనుకున్నారు. ఇదంతా నాకు టీ కొట్టాయన చెప్పాడు. కొట్టింది పోర్టరు. కొట్టమన్నది ఎవరో మాత్రం పోర్టరు ఎవరికీ చెప్పలేదు.

విచారణ జరిగింది. మృతురాలి అజాగ్రత్తే కారణమని తేల్చారు.

తరువాత ఒక సాయంత్రం స్టేషన్ మాస్టరు మా ఇంటికి వచ్చాడు. కుర్చీ చివర కూర్చున్నాడు.

"వచ్చే వారం స్టేషన్‌లో భద్రతా దినం పెడుతున్నాం మాస్టారూ. మీ స్కూలు పిల్లలు కూడా వస్తున్నారు. మీరు రెండు ముక్కలు మాట్లాడాలి."

"ఏమని?"

"అదే, పట్టాలు దాటకూడదని. మీ ఇంట్లో జరిగింది కాబట్టి మీరు చెబితే చెవికెక్కుతుంది. మేం ఎంత మొత్తుకున్నా ఎవరికీ పట్టదు."

నా బావమరిది లోపలి గదిలోంచి వచ్చాడు. అతను లారీ మెకానిక్కు. మాటకు ముందూ వెనకా చూసుకోడు.

"మా అక్క పోయిందా, మీకు పాఠం దొరికిందా. బాగుంది సార్. ఫొటో కూడా ఇమ్మంటారా? దండేసి గంట పక్కన తగిలించుకుందురు గాని."

"నేను మంచికే చెబుతున్నాను బాబూ."

"గంట కొట్టించింది కూడా మంచికేనా?"

స్టేషన్ మాస్టరు నా వైపు తిరిగాడు. "మీరు చదువుకున్నవారు. గంట కొట్టామంటే బండి వస్తోందని అర్థం. పట్టాల మీదికి దిగమని కాదు కదా."

ఆ మాట నిబంధనల ప్రకారం తప్పు కాదు. అందుకే నాకు ఒళ్లు మండింది. రోజూ ఆ పట్టాలు దాటి అన్నం తినే మనిషి ఆ మాట అనగలిగాడు.

"ఆలోచిస్తాను" అన్నాను.

అతను గేటు దాటాక బావమరిది నన్ను ఎగాదిగా చూశాడు. "ఏం ఆలోచిస్తావు బావా? వ్యాకరణమా? కాలరు పట్టుకుంటే అయిపోయేదానికి."

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని మా అమ్మాయి మెతుకులు కెలుకుతోంది. పదో తరగతి చదువుతోంది, నేను పాఠం చెప్పే బడిలోనే.

"క్లాసులో అందరూ అమ్మ చూసుకోలేదంటున్నారు నాన్నా. చూసుకోలేదా?"

"గంట మోగాకే దిగింది."

"మరి ఆ మాట ఎవరూ అనరేం?"

ఆ మాట బయట ఎవరూ అనకపోతే, కొన్నాళ్లకు ఈ పిల్ల కూడా తల్లిని అజాగ్రత్త మనిషిగానే గుర్తుంచుకుంటుంది. మాట్లాడతానని మర్నాడు కబురు పంపాను.

భద్రతా దినం నాడు ఒకటో ప్లాట్‌ఫారం మీద కుర్చీలు వేశారు. స్తంభాలకు స్పీకర్లు కట్టారు. పిల్లలు కింద వరసలుగా కూర్చున్నారు, మా అమ్మాయి కూడా. గంట పక్కన పోర్టరు నిలబడి ఉన్నాడు. నేను దగ్గరికి వెళ్లగానే గొంతు తగ్గించాడు.

"నన్ను ఇందులోకి లాగకండి మాస్టారూ. పిల్లలు గలవాణ్ణి."

"నాకూ ఒకతి ఉంది" అన్నాను.

స్టేషన్ మాస్టరు మైకు అందుకున్నాడు. "ఒక్క క్షణం అజాగ్రత్త ఒక ఇల్లాలిని బలి తీసుకుంది. ఆమె భర్తే స్వయంగా మనతో మాట్లాడతారు" అని మైకు నా చేతిలో పెట్టాడు.

నేను పాఠం చెప్పే గొంతుతోనే మాట్లాడాను. "నా భార్య గంట మోగకముందు దిగలేదు. రెండుసార్లు మోగాక, ఈ ఊళ్లో అందరూ ఎలా దిగుతారో అలాగే దిగింది. ఆమెతో పాటు దిగినవాళ్లు ఇక్కడే ఉన్నారు. చేతులెత్తమని అడగను. ఎత్తరని తెలుసు."

చాలామంది తలలు వంచుకున్నారు. నేను పోర్టరు వైపు తిరిగాను.

"నిన్ను ఒక్కటే అడుగుతాను. ప్యాసింజరు బయల్దేరకుండానే గంట రెండుసార్లు కొట్టావు. ఎవరు కొట్టమన్నారు?"

అతను నేల వైపు చూశాడు. తరువాత స్టేషన్ మాస్టరు వైపు చూశాడు. చూపు తిప్పుకోలేదు.

స్టేషన్ మాస్టరు నా చేతిలోంచి మైకు లాక్కున్నాడు. సభ ముగిద్దామనే లాక్కుని ఉంటాడు. కాని పోర్టరు ఇంకా అలాగే చూస్తుండేసరికి ఉక్రోషం ఆగలేదు.

"నా వైపు చూస్తావేంట్రా? జనాన్ని లేపమన్నాను గాని, ఎక్స్‌ప్రెస్ చూసుకోకుండా కొట్టమన్నానా?"

స్తంభాలన్నీ కలిసి ఆ మాట చెప్పాయి. రెండో ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాళ్లు కూడా ఇటు తిరిగారు. అతను చేతిలో మైకు ఉన్న సంగతి అప్పుడు చూసుకున్నాడు.

వెనక నుంచి బావమరిది గొంతు వినిపించింది. "ఇంకోసారి చెప్పండి సార్. కొందరికి సరిగా అందలేదట."

ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వించడానికి అనలేదు.

పిల్లల్లో మా అమ్మాయి లేచి నిలబడింది. పక్కనున్న అమ్మాయితో, అందరికీ వినపడేలా అంది: "విన్నావా? మా అమ్మ చూసుకునే దిగింది."

మైకు ఆపేశారు. జనం లేచి మా చుట్టూ చేరారు. ఒకరు నా భుజం మీద చెయ్యి వేశారు. నాకు ఆ చెయ్యి విదిలించుకోవాలనిపించింది. టీ కొట్టాయన ముందుకు తోసుకొచ్చాడు.

"మేమందరం అప్పుడే అనుకున్నాం మాస్టారూ, తప్పు ఆవిడది కాదని."

మా అమ్మాయి ఆయన ముఖంలోకి చూసింది. "అనుకుని ఇళ్లల్లో దాచుకున్నారా?"

పెద్దవాళ్లకు ఎదురు చెప్పిన పిల్లల్ని నేను బడిలో నిలబెట్టి మందలిస్తాను. ఆమెను ఏమీ అనలేదు. ఆయన జవాబు చెబుతాడేమోనని నేనూ ఆమె పక్కనే నిలబడి చూశాను.