కడగని పాలకూర

“కడుగకు,” అన్నాడు మహేశ్వర్.

ప్రవళిక చేతిలో అప్పుడే కోసుకొచ్చిన పాలకూర ఉంది. వేళ్ల నిండా ఎర్రమట్టి. ఆకుల మీద నిన్న సాయంత్రం చల్లిన జీవామృతం చుక్కలు ఎండి అట్టకట్టాయి. పేరుకే అమృతం. పీపాలో నాలుగు రోజులు పులియబెట్టిన ఆవు పేడ, ఆవు మూత్రం, బెల్లం, పప్పుల పిండి. మొక్కకు మంచిదే. మనిషి గొంతులో పోయాలని మాత్రం ఏ రైతూ అనలేదు, ఈయన తప్ప.

“గా మట్టిలనే ఉంటది బి12. కడిగి కడిగి మనమే పోగొట్టుకున్నం. అడవిల కోతి కడుక్కొని తింటదా?”

“ఆకుల మీద పేడ ఉన్నది.”

“పేడ గాదు, కల్చర్. గట్లనే గ్రీన్ జ్యూస్‌ల ఏసెయ్. పదకొండిటికల్ల ముప్పై మంది వస్తరు.”

ఆ మాట చెప్పి మామిడిచెట్ల కింద కుర్చీలు వేయించడానికి వెళ్లాడు. పాలు తాగితే ఆవును హింసించినట్టేనని లోకమంతా చెప్పే మనిషికి, అదే ఆవు పేడను గ్లాసులో పోసి చేతికివ్వడానికి అభ్యంతరం లేదు. ప్రవళికకు రోత పుట్టింది. పేడ మీద కాదు. పేడ పాపం తన పని తాను చేసుకుంటుంది.

మహేశ్వర్‌ది ముడిమ్యాలలో రైతు కుటుంబం. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ మేనేజరు. నాలుగు రాళ్లు చేతికొచ్చాక మొయినాబాద్ దగ్గర ఎంకపల్లిలో ఎకరంన్నర కొని, ఇల్లు కట్టి, భార్యనూ తల్లి అంతమ్మనూ తెచ్చి అందులో పెట్టాడు. చేవెళ్లలో ప్రైవేటు బడిలో సైన్సు చెప్పే ప్రవళిక ఉద్యోగం అట్లా పోయింది. “గా బడి కోసం రోజు బస్సెక్కుడు అవసరమా” అన్నాడు, అంతే. మూడేళ్ల కింద ఆఫీసువాళ్లు ఏదో శిబిరానికి తీసుకెళితే వీగన్ అయి తిరిగొచ్చాడు. మాంసం, గుడ్లు, పాలు, పెరుగు, తేనె అన్నీ బంద్. నిజం చెప్పాలంటే ప్రవళిక సంతోషంగానే ఒప్పుకుంది. పక్క డెయిరీలో మగ దుడ్డెను తల్లి నుంచి లాగి కట్టేసి, పాలు లేక ఎండిపోయి చచ్చేదాకా వదిలేయడం ఆమె కళ్లారా చూసింది. ఆ రోజు నుంచి పాలు ఆమె గొంతు దిగలేదు. ఇప్పటికీ దిగవు. ఆమె పేచీ తిండితో కాదు.

వీగన్ అయింది ఇద్దరూ, రుబ్బింది ఒక్కతే. పాల ప్యాకెట్ కత్తిరించి కాచేస్తే తీరిపోయే పని కాస్తా బాదం నానబెట్టడం, పొట్టు తీయడం, మిక్సీలో తిప్పడం, గుడ్డలో పిండడం అయింది. పల్లీలతో పెరుగు తోడేయాలి. జొన్నంబలి పులియబెట్టాలి. నెలకో ఆదివారం నగరం నుంచి కార్లలో దిగే జనానికి వండి వార్చాలి. వాళ్లు తిని, ఫొటోలు తీసుకుని, “సూపర్ బ్రో” అంటూ మహేశ్వర్ చెయ్యి ఊపేవారు. వండిన చెయ్యి ఏదో ఎవరూ అడగలేదు. అతని ఫేస్‌బుక్ గ్రూపులో పదివేల మంది ఉన్నారు. వాళ్లకు అతను చెప్పేది ఒకటే మాట. విటమిన్ గోళీలు వద్దు, అవన్నీ కంపెనీల మోసం, తోటలో లేని విటమిన్ లేదు. దానికి సాక్ష్యం ప్రవళిక. టమాటల గంప చేతికిచ్చి నిలబెట్టి ఫొటో తీసి, కింద రాసేవాడు: ‘నా భార్య. మూడేళ్లు. ఒక్క గోళి లేదు.’

ఆ ఫొటోలో నవ్వుతున్న మనిషి నాలుక ఏడాదిగా మండుతోంది. మిరపకాయ తగిలితే ప్రాణం పోయేది. తర్వాత అరికాళ్లలో తిమ్మిర్లు. తర్వాత పొయ్యి మీద ఏం పెట్టిందో మరిచిపోవడం. చెబితే మహేశ్వర్ “వాకింగ్ చెయ్” అన్నాడు. తెల్లారి లేస్తే ఎకరంన్నర తిరిగే మనిషిని వాకింగ్ చెయ్యమన్నాడు. ఏడో తరగతి పిల్లలకు విటమిన్ లోపాల చార్టు తానే గీయించానన్న సంగతి గుర్తొచ్చి, “ఇది బి12 తక్కువైతే వచ్చేదేమో” అని ఓసారి అంది. అతను నవ్వాడు. “ఏడో తరగతి సైన్సు నాకు చెప్తున్నవా?” అన్నాడు. ఆ నవ్వు విన్నాక మళ్లీ ఆ మాట ఎత్తలేదు. తన పాఠం మీద తనకే అనుమానం వచ్చేలా నవ్వడం కొందరికి బాగా వచ్చు.

పది రోజుల కింద ప్రవళిక తోటలోంచి వంటింట్లోకి వచ్చింది. అంతమ్మ తెల్లటి బండల వైపు చూసి, “ఏందే గా నెత్తురు?” అంది. ప్రవళిక వెనక్కి తిరిగి చూస్తే గుమ్మం నుంచి పొయ్యి దాకా ఎర్రటి అడుగులు. ఒక కాలికే చెప్పు ఉంది. రెండోది ఎక్కడ జారిపోయిందో తెలియదు. అరికాల్లో పల్లేరు ముళ్లు మూడు దిగి ఉన్నాయి. నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే ఆమెను భయపెట్టింది.

“నేను గూడ తొక్కుతనే ముండ్లు, ఏంగాదు తీయి,” అంది అంతమ్మ. “ఆడదానికి గింత సుకుమారమైతే ఎట్ల?”

అంతమ్మ మాటలు ప్రవళికకు కొత్త కాదు. కొత్తకోడలిగా వచ్చిన మొదటి ఆదివారం కోడిని కోస్తే, ఆమె గంటె పట్టుకుని పంచిన తీరు ఇప్పటికీ కళ్ల ముందుంది. తొడలు మహేశుకు, కార్జం అప్పటికింకా బతికున్న మామకు, మెడా రెక్కలూ ఇంటికొచ్చిన చుట్టానికి. “మనకు పులుసుంటది తీయి, ముక్కలెందుకు?” అంది. పెరుగు కూడా అంతే. అడుగున మజ్జిగ మిగిలితే మిగిలినట్టు. నలభై ఏళ్లుగా ఆ ఇంటి ఆడవాళ్లు దాదాపు వీగన్లే. వాళ్ల ఫొటోలు తీసి పెట్టిన పుణ్యాత్ముడు లేడు.

ప్రవళిక తల్లిగారింటికని చెప్పి చేవెళ్ల పోయి, డాక్టరమ్మకు చూపించుకుంది. రక్తపరీక్షలో బి12 నూట పది వచ్చింది. రెండు వందలు దాటాలట.

“పప్పులు, కూరగాయలు తినుడు మంచిదేనమ్మా,” అంది డాక్టరమ్మ. “శ్రద్ధగ తింటే మిగతావి చాలామటుకు దొరుకుతయి. ఇదొక్కటి మాత్రం దొరకదు. మట్టిల, అంబలిల ఉన్నదంటరు, నమ్మరాదు. పాలు, గుడ్లు, మాంసం మానేసినోళ్లు గోళి ఏసుకోవాల్సిందే. అండ్ల సిగ్గేంది? మీకు మాత్రం ముందుగాల సూదులు గావాలె. లేటు చేస్తే నరాలు పూర్తిగ తిరిగి రావు.”

ఆ చీటీ పట్టుకుని గురువారం మొయినాబాద్‌లో దిగింది. మందుల దుకాణం భిక్షపతి చీటీ చదివి అలవాటుగా ఒక డబ్బా తీశాడు.

“సార్‌కు ఏసే సూదులే గదక్కా ఇవి.”

“ఏ సార్‌కు?”

“మన మహేశ్వర్ సార్‌కు. రెండేండ్ల సంది నెలకొకటి ఏసుకుంటడు గద, ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు. మీకు ఎరుకే అనుకున్న.”

ప్రవళిక డబ్బా అక్కడే వదిలేసి వచ్చేసింది. ముందు అతన్ని అడగాలనుకుంది. అడగకుండా వేయించుకుని ఉంటే ఎంత బాగుండేదో ఆ సాయంత్రమే అర్థమైంది. ఎందుకంటే మహేశ్వర్ కనీసం తడబడలేదు.

“అవును. కంపెనీ చెకప్‌ల తక్కువొచ్చింది. నాది బ్రెయిన్‌తోటి చేసే పని, రిస్క్ తీసుకోలేను. నీకేముంది, ఇంట్ల పనే గద.”

“నా కాళ్లు తెలుస్తలేవు.”

“తెలుస్తయి. సండే దాక ఆగు, మీట్ అయిపోనీ. ఇద్దరం సూదులేసుకుంటే ఇగ మనం చెప్పేదానికి ప్రూఫ్ ఏముంటది? నువ్వొక్కదానివన్న క్లీన్‌గ ఉండాలె.”

క్లీన్‌గా. బాత్రూము బండల గురించి చెప్పినట్టు చెప్పాడు. మూడు రోజులుగా ఆ మాట ఆమె నాలుక మీది పుండుతో పాటు మండుతూనే ఉంది. పన్నెండేళ్లు కాపురం చేసింది. జ్వరమొస్తే ఇతని తల కింద చెయ్యి పెట్టి గంజి తాగించింది. ఇతని చెమట, ఇతని ఎంగిలి, ఇతని పాచి బట్టలు, ఏదీ అసహ్యమనిపించలేదు. ఇవాళ అతను తాగి పెట్టిన కాఫీ కప్పు ముట్టుకోవాలంటే ఒళ్లు జలదరించింది.

పాలకూరను పెద్ద గిన్నెలో వేసి కడిగింది. మొదటి నీళ్లు పేడరంగులో వచ్చాయి, రెండోవి ఎర్రగా, మూడోవి తేటగా. కడిగిన ఆకునే మిక్సీలో వేసింది.

పదకొండింటికి కార్లొచ్చాయి. మహేశ్వర్ మామిడిచెట్టు కింద మైకు పట్టుకుని మట్టి మహిమ చెబుతున్నాడు. ప్రవళిక జ్యూసు గ్లాసుల పళ్లెంతో తిరుగుతుంటే, చివరి కుర్చీలో చంటిపిల్లను ఒళ్లో వేసుకున్న అమ్మాయి లేచి నిలబడింది. పేరు పూజిత, నానక్‌రామ్‌గూడలో ఉద్యోగమని చెప్పింది.

“అక్కా, మీతోని మాట్లాడాలనే వచ్చిన. మీ ఫొటో చూసి నేను గూడ గోళీలు బంద్ చేసిన. మా అత్తమ్మ తిడుతది, డాక్టర్ తిట్టిండు. అయినా మీరు మూడేండ్ల సంది ఉంటున్నరు గదాని ధైర్యం.”

“పాలిస్తున్నవా?”

“ఇస్తున్న. తొమ్మిది నెలలు పాపకు. మొన్నటిదాక మంచిగ కూసునేది. ఇప్పుడు ఒరుగుతున్నది. నవ్వుతలేదు గూడ. పండ్లొచ్చే టైం కదా, అందుకేనేమో.”

పాప తల తల్లి మోచేతి మీద వాలి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ దేన్నీ చూడటం లేదు. ప్రవళిక నవ్వు ముఖం ఫోన్లో పెట్టుకుని ఈ అమ్మాయి మందు మానేసింది. ఆ నవ్వు నవ్వింది తానే. మహేశ్వర్ మీద పుట్టిన రోతలో కొంత వెనక్కి తిరిగి తన మీద పడింది.

అప్పుడే మైకులో అతని గొంతు వినిపించింది. “మా మిసెస్‌నే అడుగున్రి. ప్రవళికా, చెప్పు, ఎన్ని గోళీలేసుకున్నవ్?”

ముప్పై తలలు ఆమె వైపు తిరిగాయి. ప్రవళిక పళ్లెం కుర్చీలో పెట్టింది.

“నేను ఒక్కటి గూడ ఏసుకోలే,” అంది. “నాకు బి12 నూట పది ఉన్నది. కాల్ల ముళ్లు దిగితే తెలుస్తలేదు. ఆయన రెండేండ్ల సంది నెలకో సూది ఏసుకుంటున్నడు, మొయినాబాద్‌ల, భిక్షపతి దుకాణంల. నేను పాలు తాగను, ఇంక ముందు గూడ తాగను. కానీ మందు ఏసుకుంట. మీరు గూడ ఏసుకోన్రి.”

మహేశ్వర్ నీళ్లు నమిలాడు. “అదంటే... నా కేసు వేరే... ఆఫీస్ స్ట్రెస్...” మైకు ఆన్‌లోనే ఉండటంతో ఆ నమలడం కూడా అందరికీ వినబడింది.

ప్రవళిక పూజిత వైపు తిరిగింది. “పాపను ఇప్పుడే దవాఖానకు తీస్కపో. రేపటిదాక ఆగకు. నువ్వేం తింటున్నవో, ఏం మానేసినవో అంతా చెప్పు. బి12 చూడమను. కార్ల నాకు గూడ జాగ ఇయ్యి, మొయినాబాద్‌ల దిగుత.”

పూజిత ఏడుస్తూ కారు వైపు పరిగెత్తింది. ప్రవళిక గేటు దగ్గర ఆగి, వంగి కాళ్ల వైపు చూసుకుంది. రెండు చెప్పులూ ఉన్నాయి. ఇక ముందు కొన్నాళ్లు కాళ్ల కబురు కళ్లతోనే తెలుసుకోవాలి.

“ఆగే, చీటి మర్సిపోయినవ్,” అని వెనక నుంచి పిలుపు వినిపించింది. వంటింటి గూట్లో పెట్టిన డాక్టరు చీటీ చేత్తో పట్టుకుని అంతమ్మ వస్తోంది. కొడుకు వైపు చూడకుండా, కంకర దారి మీద, మధ్యాహ్నపు ఎండలో నడిచి వస్తోంది. ఒక కాలికి చెప్పు లేదు. అది పదడుగుల వెనక తిరగబడి పడుంది. కాలే కంకర మీద బోసికాలు పెడుతూ, ఎత్తుతూ, ముఖం మీద గీత కూడా కదలకుండా వచ్చి చీటీ అందించింది.

“అత్తమ్మా, కాల్తలేదా?”

అంతమ్మ కిందికి చూసుకుంది.

“ఎన్నేండ్ల సంది గిట్ల?” అడిగింది ప్రవళిక.

“మహేశు పుట్టినంక కావచ్చు,” అంది అంతమ్మ. “ఆడోళ్లందరికి గట్లనే ఉంటదనుకున్న.”