వెలుగు కనిపిస్తేనే తట్టు

సుబ్బరాజు ఆ కబురు మొహం మీద చెప్పే దమ్ము లేక పొద్దున్నే దయానందానికి వాట్సాప్‌లో పడేశాడు. ఆదివారం ఓడ షికారుకి చోట్లన్నీ నిండిపోయాయట. అతని భార్య ప్రేమలీలకి ఇస్తానన్న చోటు ఎవరో దాతగారి తోడల్లుడికి పోయిందట. ఏమీ అనుకోవద్దట. చివర రెండు దణ్ణాల బొమ్మలు కూడా అంటించాడు.

దయానందం అప్పటికే ఓడ పక్కన పరంజా ఎక్కి పనిలో ఉన్నాడు. ఎడమ చేతిలో మొద్దుబారిన ఉలి, కుడి చేతిలో కొయ్య సుత్తి, మెడలో దండలా దూది తాడు. ఫోను చూసి జేబులో పెట్టుకుని, పలకల సందులో తాడు ఒత్తి, ఆ తర్వాత వేసిన దెబ్బలన్నీ సుబ్బరాజు నెత్తి మీదే వేశాడు.

ఆస్ట్రేలియాలో, ఫ్రీమాంటిల్ రేవు దాటాక ఉన్న ఆ యార్డులో లీస్‌బెత్ అనే ఆ ఓడ ఒడ్డెక్కి నెలన్నర అయింది. పాతకాలపు డచ్చి ఓడకి ఇది నకలు. నాలుగు వందల ఏళ్ళ కిందట హాలెండు వాళ్ళు లవంగాలకీ జాజికాయలకీ బయల్దేరి, ఆఫ్రికా కొస దాటి పడమటి గాలి పట్టుకుని తూర్పుకి వచ్చేవారు. మలుపు తిరగాల్సిన చోట తిరగలేనివాళ్ళు ఈ ఒడ్డునే రాళ్ళకి కొట్టుకుని పోయారు. ఆ డచ్చి కంపెనీ వాళ్ళే మన బందరులో అద్దకం గుడ్డలు కొన్నారు, కాకినాడ జగన్నాథపురంలో కొట్లు కట్టుకున్నారు. ఓడ ట్రస్టుకి కార్యదర్శి సుబ్బరాజే. మైకు దొరికితే చాలు, ఆ నావికుల గుండె ధైర్యం గురించి ఊపిరాడకుండా మాట్లాడతాడు. ఏడెనిమిది నెలలు నీళ్ళ మీద ఉన్నవాడు గాలి దయవల్ల బతికాడంటారు, దేవుడి దయవల్ల బతికాడంటారు. పలకల మధ్య కుక్కిన చారెడు నార వల్ల బతికాడని ఒక్కడూ అనడు. ఆ కుక్కే పని దయానందానిది. తాళ్ళరేవులో వాళ్ళ నాన్న నేర్పాడు. అక్కడ కొబ్బరి నారా, నూనెలో కాచిన గుగ్గిలమూ. ఇక్కడ దూది తాడూ, తారు నారా, పైన పుట్టీ. దెబ్బ మాత్రం అదే దెబ్బ.

గేటు దగ్గర కారు ఆగింది. కూతురు జాక్లిన్ తల్లిని దింపడానికి వచ్చింది. ప్రేమలీల రాత్రంతా వృద్ధాశ్రమంలో డ్యూటీ చేసి నేరుగా ఇటే వచ్చింది. పొట్టి మనిషి. యూనిఫాం మీద మొగుడి పాత పొడుగు చేతుల చొక్కా తొడుక్కుంది. తలకి తువ్వాలు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"డాడ్, మమ్ లుక్స్ టెరిబుల్. డాక్టర్‌కి బుక్ చేస్తానంటే వద్దంటోంది. టెల్ హర్."

"మీ అమ్మ నా మాట ఎప్పుడు వింది గనక?" అన్నాడు దయానందం పరంజా దిగకుండానే.

"సోమారం ఎల్దాంలేమ్మా," అంది ప్రేమలీల. "నిద్దర లేక అలా ఉంది. నువ్వు కాలేజీకి ఎల్లు, ట్రాఫిక్ అయిపోద్ది."

కారు వెళ్ళిపోయింది. ఆమె నిచ్చెన పట్టుకుని పైకి ఎక్కుతూ సగంలో ఆగింది. "ఏవండీ, రాజుగారు ఏవన్నా చెప్పారా? ఆదివారం తెల్ల చొక్కాలేసుకుని రమ్మన్నారా, మామూలుగానేనా?"

దయానందం దూది తాడు సర్దుకున్నాడు. "చెప్తాడంట," అన్నాడు.

ఆమె కోరిక అదొక్కటే. పడవలు కట్టే ఇంట్లో పుట్టింది. ఊహ తెలిసినప్పటినుంచి గుమ్మంలో కూర్చుని తొడ మీద నార పేనింది. వాళ్ళ వీధిలో ఆడమనిషి కొత్త పడవ ఎక్కితే పడవకి కీడని పెద్దవాళ్ళ మాట. ఆమె పేనిన నార పెట్టుకుని ఎన్ని పడవలో సముద్రంలోకి పోయాయి. ఆమె మాత్రం ఒడ్డునే నిలబడింది. ఇక్కడికి వచ్చాక, మొదటిసారి లీస్‌బెత్ మీద కాలు పెట్టిన రోజున, వెనక్కి తిరిగి "ఎవరూ అరవరు గదా?" అని అడిగింది. ఎవరూ అరవలేదు. కానీ ఓడ అప్పుడు కట్టేసి ఉంది. అది కదిలినప్పుడు, కింద నీళ్ళు ఆడినప్పుడు, దాని మీద ఉండాలని ఆమెకి. యాభై రెండేళ్ళు వచ్చినా ఆ ఆశ చంటిపిల్లలా ఆమె చెంగు వదల్లేదు.

టీ విరామానికి, ఇక్కడివాళ్ళ మాటలో స్మోకోకి, సుబ్బరాజు వచ్చాడు. వయసులో దయానందం కంటే పదేళ్ళు చిన్న. చేతిలో కాఫీ, కళ్ళకి నల్లద్దాలు.

"మెసేజ్ చూశావా దయానందం? నా చేతుల్లో ఏం లేదయ్యా. అంతా బోర్డు డెసిషన్."

"మాటిచ్చారు సార్. క్రిస్మస్‌నాడు మా ఇంట్లో ఆవిడ చేతి బిర్యానీ తింటా ఇచ్చారు. బోర్డు తిన్లేదు, మీరే తిన్నారు."

సుబ్బరాజు నవ్వాడు. నవ్వడం తప్ప దారి లేదు. "అబ్బ, భలే పట్టుకుంటావ్. సరే, చూడు. రేప్పొద్దున హై టైడ్‌కి ఓడ నీళ్ళలోకి దిగాలి. ఎడమ పక్క ఇంకా అవలేదు. ఇవాళ సాయంత్రానికి నువ్వది క్లోజ్ చేసెయ్, నేను ఆ తోడల్లుణ్ణి ఏదో ఒకటి చెప్పి తప్పిస్తా. ఆంటీ సీటుకి నాదీ పూచీ."

"ఈసారి మాట తప్పితే సార్, పలకల మధ్య నార బదులు మిమ్మల్ని కుక్కుతా."

అదీ బేరం. దయానందం ఓడ కడుపులోకి తల దూర్చి కేకేశాడు. "లీలా! సాయంత్రానికి అయిపోవాల. అయితే ఆదివారం నువ్వు నీళ్ళ మీద. తట్టడం బద్ధకించకు."

"నేనెప్పుడు బద్ధకించానండీ, మీరు కొట్టండి," అంది లోపలినుంచి.

వాళ్ళ పని తీరు తాళ్ళరేవుదే. ఒకరు బయట, ఒకరు లోపల. లోపలివాళ్ళు చీకట్లో కూర్చుని పలకల సందుల వంక చూస్తూ ఉండాలి. ఎక్కడైనా ఎండ సూదంత కనబడితే అక్కడ చెక్కముక్కతో తట్టాలి. బయటివాడు ఆ చోట ఇంకో పోగు వేసి మూస్తాడు. వెలుగు లేకపోతే తట్టకూడదు. తట్టడమే కాదు, మాట్లాడనూ కూడదు. వెలుగు కనిపిస్తేనే తట్టు, లేకపోతే నోరు మూసుకు కూర్చో అనేవాడు దయానందం నాన్న. లోపల్నుంచి చప్పుడు లేదంటే ఓడ గట్టిపడుతోందని లెక్క.

మధ్యాహ్నానికి ఎండ మండిపోయింది. ఫిబ్రవరి పెర్త్ ఎండ, రేకు షెడ్డు మీదనుంచి సెగ కొడుతోంది. ఓడ లోపల ఎలా ఉందో లోపలున్నవాళ్ళకే తెలియాలి. భోజనానికి బయటికొచ్చిన ప్రేమలీల పెరుగన్నం రెండు ముద్దలు తిని డబ్బా మూసేసింది.

"చెయ్యి లాగేస్తందండీ, భుజం దాకా."

"రాత్రి ఏ ముసలాయన్ని ఎత్తావో ఏమో."

"ముసలాయన కాదు, ముసలమ్మ. మీకన్నా తేలికే."

"కాసేపు పడుకో పోనీ."

ఆమె ఓడ ఎడమ పక్క చూసింది. ఇంకా మూడు పలకల బారు మిగిలి ఉంది. "ఆదివారం పడుకుంటాలే, పైన డెక్కు మీద," అని లేచింది. మళ్ళీ నిచ్చెన ఎక్కింది. అతను ఆపలేదు. అతనికీ సాయంత్రమే కనబడుతోంది.

మొదటి పలకకి టకటకా తట్టింది. ఇక్కడ, ఇక్కడ, ఇదిగో ఇక్కడ. అతను విసుక్కుంటూ కొట్టాడు. రెండో పలకకి దెబ్బలు తగ్గాయి. ఒకచోట మెల్లగా ఒక్కసారి తట్టింది. అక్కడ మూశాడు. మూడో పలక దగ్గరికి వచ్చేసరికి లోపల్నుంచి చప్పుడే లేదు.

దయానందానికి ప్రాణం లేచొచ్చింది. చెయ్యి వాటంగా పడింది. ఉలి కింద దూది బిగుసుకుంటూ, మొదట బోలుగా ఉన్న మోత రాయి మీద కొట్టినట్టు మారింది. మూర ముందుకి జరిగాడు, చప్పుడు లేదు. ఇంకో మూర, చప్పుడు లేదు. ఇంత శుభ్రంగా సందు మూసి ఎన్నేళ్ళయిందో. నాన్న ఉంటే బీడీ అందించేవాడు. దెబ్బకీ దెబ్బకీ మధ్య చెవి ఒగ్గి ఆ మౌనాన్ని ఒక మెచ్చుకోలులా విన్నాడు. విన్నకొద్దీ ఇంకా బాగా కొట్టాడు.

సముద్రం మీదనుంచి సాయంకాలపు గాలి తిరిగింది. చొక్కా చల్లబడింది. చివరి గజమూ మూసి, సుత్తి కింద పడేసి, అరచేత్తో ఓడ పొట్ట మీద చరిచాడు.

"దిగవే లీలా! అయిపోయింది. ఆ దాతగారి తోడల్లుడు ఈదుకుంటా రావాల్సిందే ఇక!"

పలకలేదు.

"పొద్దున అబద్ధమాడానని అలిగావా ఏంటి? సీటు వచ్చేసిందే."

నిచ్చెన ఎక్కి లోపలికి దిగాడు. కన్ను పొడుచుకున్నా ఏమీ కనబడలేదు. ఎడమ పక్క పలకల్లో ఎక్కడా సూదంత వెలుగు లేదు. అంత బాగా మూశాడు. ఆ చీకట్లో పెళ్ళాం ఎక్కడుందో తెలియక రెండు చేతులూ చాచి తడుముకుంటూ, తలకి దూలం కొట్టుకుని, చివరికి ఫోను దీపం వెలిగించాడు. ఆమె ఓడ పక్కటెముకకి ఆనుకుని కూర్చుని ఉంది. మూడో పలక వైపే మొహం తిప్పి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. చెక్కముక్క ఒళ్ళోకి జారింది.

అంబులెన్సు వాళ్ళు వచ్చి చేసేదంతా చేశారు. గుండె అన్నారు. చాలాసేపయి ఉంటుందన్నారు. చాలాసేపంటే ఎంతని అతను అడగలేదు. ఏ పలక మీద ఉన్నప్పుడో అతనికి తెలుసు.

శనివారం ఓడ నీళ్ళలోకి దిగింది. ఆదివారం దయానందం పనిముట్లు తెచ్చుకోవాలన్న వంకతో రేవుకి వెళ్ళాడు. జాక్లిన్ వద్దంది, తనే కారు నడిపింది. వాళ్ళు చేరేసరికి లీస్‌బెత్ తెరచాపలెత్తి రేవు దాటిపోతోంది. ఒక్క చుక్క నీరు ఊరలేదట, రేవు మీద ఎవరో అంటున్నారు. సుబ్బరాజు ఓడ ఎక్కలేదు. గట్టు మీదే నిలబడి ఉన్నాడు. దయానందాన్ని చూసి నల్లద్దాలు తీశాడు.

"తోడల్లుణ్ణి ఎక్కించలేదయ్యా," అన్నాడు. "ఆ చోటు ఖాళీగానే పంపించాను."

దయానందం గట్టు అంచుదాకా నడిచి ఓడ ఎడమ పక్క చూశాడు. జాక్లిన్ తండ్రి మోచెయ్యి పట్టుకుంది. "డాడ్, లెట్స్ గో," అంది.

ఓడ ఎక్కేవాళ్ళకి సరంజామా పంచిన బల్ల రేవు మీద ఖాళీగా ఉంది. దాని చివర ఒక్క లైఫ్ జాకెట్ మిగిలింది. అన్నిటికంటే చిన్న కొలతది, నారింజ రంగుది. ప్లాస్టిక్ సంచి ఇంకా విప్పలేదు. పైన టేపు మీద ఎవరో నల్ల పెన్నుతో లీల అని రాశారు.