అన్వరీ నెమలి

ఆటోనగర్‌లో కరిముల్లా షెడ్డులో కట్టిన ప్రతి లారీకీ వెనక తలుపు మీద ఒక నెమలి ఉండేది. దాన్ని నెమలి అనడానికి చూసేవాళ్లకు కాస్త దయ కావాలి. తల మీద కోడిపుంజుకున్నట్టు ఎర్రటి జుట్టు. ఎడమకాలి వేళ్లు వెనక్కి తిరిగి ఉండేవి. తోక మాత్రం నెమలిదే, అదీ వానలో తడిసి వచ్చినట్టుండేది. అయినా డ్రైవర్లకు ఆ పిట్ట మీద గట్టి గురి. అది ఉన్న లారీకి పంక్చరు పడితే, పంక్చర్ల కొట్టు ముందుకు వచ్చేదాకా గాలి దిగదట. మైలవరం దగ్గర డ్రైవరు కునుకు తీస్తే లారీయే పక్కకు ఆగి, హారన్ కొట్టి లేపిందట. హారన్ సంగతి నమ్మనివాళ్లు కూడా పంక్చరు సంగతి నమ్మేవాళ్లు.

ఆ బొమ్మ గీసింది కరిముల్లా భార్య అన్వరీ. మొదటి లారీ అప్పజెప్పే రోజున పెయింటరు జ్వరంతో పడుకుంటే, ఆవిడే కుంచె పట్టుకుంది. ఆవిడ పెంచినవి కోళ్లు. నెమలిని క్యాలెండర్లో చూసిందంతే. ఆ లారీ ఏ గీతా పడకుండా అస్సాం వెళ్లి రావడంతో ఇక ఎవరూ ఆ కాలు సరిదిద్దనివ్వలేదు.

ఆ షెడ్డులోనే వడ్రంగం నేర్చుకున్నవాడు జక్కయ్య. తొంభై ఏడులో, కరిముల్లా దీవెనలతోనే, రోడ్డుకు అవతల సొంత షెడ్డు పెట్టాడు. చేతిలో పనితనం ఉంది. టేకు చెక్కను తట్టి చూసి దాని వయసు చెప్పేవాడు, చెక్కకే తెలియని వయసు కూడా. కానీ బేరాలు రాలేదు. పామర్రు డ్రైవరు పుల్లయ్య షెడ్డంతా తిరిగి చూసి, బాడీ బాగుంది గానీ పిట్టేదీ అని అడిగి వెళ్లిపోయాడు. అప్పుకు తెచ్చిన ఇనుము అక్కడే తుప్పు పడుతోంది. ఇంకో నెల చూసి షెడ్డు మూసేయాలనుకున్న జక్కయ్య, చివరికి అట్టముక్క తెచ్చుకుని నెమలి ఆకారం కత్తిరించి, దాన్ని తలుపు మీద పెట్టి రంగు కొట్టాడు. ఎన్నేళ్లుగానో చూసిన పిట్ట కదా, ఎర్ర జుట్టూ, వెనక్కి తిరిగిన వేళ్లూ కూడా చెయ్యి మరిచిపోలేదు. పుల్లయ్య తిరిగొచ్చాడు. వెనకాల మరికొందరు వచ్చారు.

కరిముల్లా ఒకసారి మెల్లగా చెప్పాడు, ఒకసారి గట్టిగా చెప్పాడు. మూడోసారి చెప్పే పని లాయరు వెంకటకృష్ణారావు గారికి అప్పజెప్పాడు. ఆయన బొమ్మ మీద హక్కు గీసినవాళ్లదేనని, కేసు అన్వరీ పేరున వేయించాడు. కోర్టువారు కేసు తేలేదాకా ఆ బొమ్మ వేయొద్దని జక్కయ్యకు స్టే ఇచ్చారు. స్టే తీసేయించకపోతే షెడ్డుకు తాళమేనని జక్కయ్యకు తెలుసు. అతని భార్య రూతుకి ఇంకా బాగా తెలుసు.

జక్కయ్య లాయరు ఉపాయం చెప్పాడు. అది నెమలి కాదు, కోడి. లారీల వెనక ఎవరైనా గీసే మామూలు కోడి. దాని మీద ఎవరికీ హక్కు ఉండదు. బోనెక్కి ఆ మాట చెబితే చాలు. జక్కయ్య దారంతా కోడి, కోడి అనుకుంటూ కోర్టుకు వెళ్లాడు.

మధ్యాహ్నం చెట్టు కింద అన్వరీ బిర్యానీ క్యారియర్ విప్పింది. దూరంగా నిలబడ్డ జక్కయ్యను చూసి పిలిచింది.

"రారా. కేసు నీ లారీల మీద, నీ పొట్ట మీద కాదు. తిను."

"నాకు ఆకలి లేదక్కా."

"అబద్ధాలు లోపలికెళ్లాక చెబుదువుగాని."

తిన్నాడు. కరిముల్లా అటు తిరిగి కూర్చుని, ఉల్లిపాయలు మాత్రం ఇటు జరిపాడు.

లోపల జక్కయ్య లాయరు విజృంభించాడు. లారీ తలుపు ఫొటో చూపించి, పక్షిజాతిలోనే ఇలాంటి కాలు లేదన్నాడు. ఇది కళ అయితే పిడకల గోడ కూడా కళేనన్నాడు. అన్వరీ తల వంచుకుంది. వెంకటకృష్ణారావు గారు లేచి, బొమ్మ ఎంత వికారంగా ఉన్నా చట్టానికి పట్టదని, గీసినవాళ్ల హక్కు వాళ్లదేనని చెప్పాడు. సెక్షన్ నంబరు కూడా చెప్పాడు. సొంత లాయరు నోటి నుంచి ఆ మాట విని ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్లలో ఆ నెమలి బాగాలేదని ఆవిడ ముందు అన్నవాళ్లు లేరు.

జక్కయ్య బోనెక్కాడు. తన లాయరే ఆ ఫొటో తెచ్చి అతని ముందు పెట్టాడు.

"ఇదేం పక్షి? ఉన్నదున్నట్టు చెప్పండి."

జక్కయ్య నోట్లో కోడి సిద్ధంగానే ఉంది. బిర్యానీ వాసన కూడా ఉంది. ఎదురుగా అక్క కొంగు నోటి దగ్గర నుంచి కళ్ల దగ్గరికి వెళ్లింది.

"నెమలండీ," అన్నాడు.

లాయరు దగ్గాడు. సరిగ్గా చూడమన్నాడు.

"చూశానండీ. మా అక్క గీసిన నెమలి. కాలు అలా ఉంటేనే అది అక్కది. నేను కాపీ కొట్టానండీ. బేరాల్లేక కొట్టాను. వికారంగా ఉంటే ఎందుకు కొడతాను?"

జడ్జి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ తర్వాత తీర్పు రాయడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

మర్నాడు పొద్దున్నే జక్కయ్య తాళం కప్ప చేత్తో పట్టుకుని షెడ్డు ముందు నిలబడి ఉంటే, అన్వరీ రోడ్డు దాటి వచ్చింది. వెనకాల కరిముల్లా రంగు డబ్బాలు మోస్తూ వచ్చాడు, మొహం మాత్రం గంటుగానే ఉంది.

"నా నెమలి నాకు వదిలెయ్," అంది ఆవిడ. "నీకు వేరే పిట్ట గీసిస్తా. ఏం కావాలి?"

"చిలకక్కా," అన్నాడు జక్కయ్య, తాళం కప్ప పక్కన పెడుతూ.

అన్వరీ షెడ్డులో ఉన్న లారీ వెనక తలుపు ముందు కూర్చుని మధ్యాహ్నం దాకా గీసింది. ఆకుపచ్చ రెక్కలు వచ్చాయి. వంకర ముక్కు వచ్చింది. తల మీద ఎర్ర జుట్టు కూడా వచ్చింది. కాళ్ల దగ్గరికి వచ్చేసరికి కరిముల్లా ఆకాశం వైపు చూశాడు. ఎడమకాలి వేళ్లు వెనక్కి తిరిగాయి.

పుల్లయ్య లారీ దిగి వచ్చి, నెమలి పచ్చబడిందేంటని అడిగాడు. ఆ దారిన వెళ్తున్న వెంకటకృష్ణారావు గారు స్కూటరాపి చాలాసేపు చూశాడు. ఇది పాత బొమ్మో, కొత్త బొమ్మో చట్టప్రకారం తేల్చడం కష్టమన్నాడు. రెండూ గీసింది ఒక్కరే కాబట్టి కేసెవరి మీదా వెయ్యలేమని చెప్పి, కొంచెం దిగులుగానే స్కూటరు స్టార్ట్ చేశాడు.

ఆ పిట్ట ఉన్న లారీ డీజిల్ తక్కువ తాగుతుందన్న మాట వారం తిరక్కుండానే గన్నవరం దాకా పాకింది. ఇంతకీ అదేం పిట్టని ఎవరడిగినా జక్కయ్య తడుముకునేవాడు కాదు.

"అక్క చిలకండీ," అనేవాడు.