శత్రువు రాని మెట్లు

నేను ఒక ఇంటిని. కోటనని భ్రమపడి పుట్టిన ఇంటిని. స్కాట్లాండులో సముద్రం ఒడ్డున ఓ చిన్న పట్నం, అందులో ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒదగాల్సిన సందు, ఆ సందులో నేను. మందపాటి రాతి గోడలు, వాటి మీద సున్నపు పూత, నిటారైన వాలుకప్పు. కప్పు రెండు చివరలా గోడ అంచులు మెట్లు మెట్లుగా పైకి పోతాయి. మహా ఠీవి అనుకునేదాన్ని. ఊళ్లోవాళ్లు వాటిని కాకిమెట్లు అంటారు. అలా నా ఠీవి అంతా కాకుల పేరన పోయింది.

నన్ను కట్టించినాయన ఉప్పు వ్యాపారి. నాలుగు డబ్బులు చేరగానే ఆయనకు శత్రువుల భయం పట్టుకుంది. ఎవరా శత్రువులని అడిగితే ఒక్క పేరూ చెప్పలేకపోయేవాడు. అయినా నా పక్కన ఓ బురుజు లేపి, అందులో నత్తగుల్లలా చుట్టుకుంటూ పోయే ఇరుకు మెట్లు పెట్టించాడు. కత్తి పట్టి వచ్చినవాళ్లు ఒక్కొక్కరుగా తప్ప ఎక్కలేరని ఆయన ధీమా. నేనూ మూడు శతాబ్దాలుగా కాచుకుని కూర్చున్నాను. ఒక్క కత్తీ రాలేదు. నాతో యుద్ధానికి వచ్చినవి మంచాలూ బీరువాలే. వాటిలో ఒక్కదాన్నీ ఎక్కనివ్వలేదు. అందుకే ఈ సందులో పెద్ద సామాను తెచ్చుకుంటే కిటికీ చట్రం ఊడదీసి, గిలక కట్టి, తాళ్లతో పైకి లాగడం ఆనవాయితీ అయింది.

ఎఫీ పియానో అలాగే వచ్చింది. నా పై అంతస్తులో ఉంటూ ఊరి పిల్లలకు సంగీతం చెప్పేది ఎఫీ. ఆమె చెల్లెలు నెట్టా ఎదురింట్లో, కింది గదిలో ఉంటుంది. ఎఫీ రోజూ సాయంత్రం దిగి వెళ్లి చెల్లెలితో టీ తాగి వచ్చేది. కొన్నాళ్లకు ఎఫీ మోకాళ్లు పట్టేశాయి. నెట్టాకు ఆయాసం, ఆమె నా మెట్లు ఎక్కలేకపోయేది. ఎఫీని కుర్చీలో మోసుకు దిగబోయినవాళ్లు నా మొదటి మలుపులోనే ఇరుక్కుని వెనక్కి తిరిగారు. ఇక అక్కచెల్లెళ్లకు పొద్దున్నే కిటికీల్లోంచి చేతులూపుకోవడమే మిగిలింది. శత్రుసేన కోసం పెట్టిన కాపలా చివరికి ఓ ముసలామె టీని ఆపింది. నాకు సిగ్గేసింది.

ఈ వేసవిలో ఎఫీ తన పియానోను చెల్లెలికి ఇచ్చేసింది. తను వెళ్లలేకపోయినా అదైనా అక్కడ ఉంటుందని. సామాన్లు దించే రోరీ, అతని మనుషులు వచ్చి పియానోను కిటికీలోంచి దించి ఎదురింట్లో చేర్చారు. రోరీ పైకొచ్చి చట్రం మళ్లీ బిగించబోతుంటే ఎఫీ కుర్చీలోంచే ఆపింది.

“ఉండు నాయనా. నాకంటే ఆ పియానోనే బరువు కదా?”

“మీరు దానిలో సగం కూడా తూగరమ్మా.”

“అయితే నన్నూ దించు.”

“మనుషుల్ని దించే పని కాదు మాది. తాడు జారితే నా గతేంటి?”

“తాడు మీద నమ్మకం లేనివాడివి నా పియానో ఎట్లా కట్టావు?”

రోరీ తాడును రెండుసార్లు గట్టిగా లాగి చూశాడు. తర్వాత ఆమెను కుర్చీకి పట్టీలతో బిగించి, దుప్పటి కప్పి, కళ్లు మూసుకోమన్నాడు.

“మూసుకోను. ఈ సందు చూసి ఎన్నాళ్లయిందో.”

కుర్చీ గాల్లోకి జరిగింది. పిడుగులకు బెదరని నా గోడలు అప్పుడు భయపడ్డాయి. కుర్చీ మెల్లగా నేలను తాకింది. నెట్టా గుమ్మంలో నిలబడి ఉంది.

“టీ చల్లారిపోతోందక్కా,” అని ఏడ్చేసింది.

సాయంత్రం రోరీ వచ్చి, మళ్లీ పైకి లాగమంటారా అని అడిగాడు. ఎఫీ ఒకసారి నావైపు చూసింది.

“ఎందుకులే. నెట్టా ఇక్కడే ఉంది, పియానో ఇక్కడే ఉంది.”

ఇప్పుడు నా పైగది ఖాళీ. బయటివాళ్లను రానివ్వకూడదని పుట్టిన నేను లోపలి మనిషిని పోనివ్వకుండా కాచాను. ఆమె నా కిటికీలోంచే తప్పించుకుంది, మంచిపని చేసింది. కానీ రోజూ పొద్దున్నే ఎదురింటి కిటికీలోంచి నావైపు చెయ్యి ఊపుతుంది. తిరిగి ఊపాలని నాకెంత ఉంటుందో. ఆ ఉప్పు వ్యాపారి బురుజు పెట్టించాడు, మెట్లు పెట్టించాడు, ఓ చెయ్యి పెట్టించాలని మాత్రం తోచలేదు.