కుడిపక్క సున్నా

పన్నెండో పేజీ మీద స్కేలు ఆనించి, ఒక్కొక్క వరసే కిందికి జరుపుతూ చదువుతున్నాడు కామా. అతని అసలు పేరు హాజరు పట్టీలో ఉంది. అంకెల మధ్య కామా పడకపోతే ఈయనకి ముద్ద దిగదని ఎన్నికల కార్యాలయంలో ఎవరో ఒకప్పుడు అన్నారు, అప్పట్నుంచీ అదే పేరై కూర్చుంది. సన్నటి మనిషి. బల్లకి రాసుకుని రాసుకుని చొక్కా మోచేతుల దగ్గర పల్చబడింది. టైపు కొట్టీ కొట్టీ వేళ్ళ చివర్లు చదునైపోయాయి. టైపు మిషన్లు అటకెక్కి చాలా కాలమైనా, ఏదైనా ఆలోచిస్తున్నప్పుడు ఆ వేళ్ళు బల్ల మీద వాటంతటవే ఆడుతుంటాయి.

ముందున్నది నగర నియోజకవర్గం ఎన్నికల చరిత్ర, కొత్త ముద్రణకి ప్రూఫు. ప్రతి ఎన్నికకి ముందూ ఆ కార్యాలయం వాళ్ళు ఈ పుస్తకం వేస్తారు. పదమూడు ఎన్నికలు, రెండు ఉప ఎన్నికలు. కామాకి అవన్నీ ఎక్కాల్లా నోటికొచ్చు. మొదటి మూడుసార్లూ ఒక ప్లీడరు గెలిచాడు. ఆయన పోతే జాలి ఓట్లతో బావమరిది గెలిచి, మళ్ళీ ఆ వీధుల మొహం చూడలేదు. తర్వాత సినిమాహాలు ఓనరు మూడు గుర్తుల మీద మూడుసార్లు గెలిచాడు. గుర్తు మారింది గాని మనిషి మారలేదు, రోడ్డు మీద గుంతలూ మారలేదు. తొమ్మిదో ఎన్నికకి హద్దులు మార్చి, వంతెన అవతలి మిల్లు కార్మికుల ఇళ్ళని కోసేసి, అపార్టుమెంట్లని తెచ్చి అతికించారు. అప్పట్నుంచీ పోలింగు శాతం మంచానపడ్డవాడి ఆకలిలా తగ్గుతూనే ఉంది.

స్కేలు ఏడో ఎన్నిక దగ్గర ఆగింది. సినిమాహాలు ఓనరుకి 31,157. రెండో స్థానంలో కాంపౌండరుకి 3,114. ఆధిక్యం 28,043. చివరి గడిలో ‘ధరావతు కోల్పోయారు’ అని ఉంది.

“మళ్ళీ అదే ఏడుపు,” అన్నాడు కామా పైకే. పక్క బల్ల వాళ్ళు తలెత్తలేదు.

కాంపౌండరుకి నిజంగా వచ్చిన ఓట్లు 31,140. పదిహేడు ఓట్లతో ఓడిపోయాడు. రెండు రోజులు సాగిన లెక్కింపు అయ్యాక, పొద్దున్నే ఆ అంకెలు టైపు చేసింది కామాయే. మూడు, ఒకటి, ఒకటి, నాలుగు కొట్టేసరికి అటెండరు గుమ్మంలోంచి, “సార్, ఆడపిల్ల! తల్లీ పిల్లా క్షేమం!” అని అరిచాడు. కామా లేచి వెళ్ళి అటెండర్ని కావలించుకుని, కళ్ళు తుడుచుకుని, వచ్చి కూర్చుని కింది వరస మొదలుపెట్టాడు. సున్నా పడలేదు. ఎడమపక్క సున్నాకి విలువ లేదని ఒకటో తరగతిలోనే చెప్తారు. కుడిపక్కది పోతే ఏమవుతుందో కామా ఆ తర్వాత నేర్చుకున్నాడు.

ఆ కాగితంలో ఆధిక్యం గడిలో పదిహేడు అనే ఉండింది. అది నోటీసు బోర్డు మీద నెలరోజులు వేలాడినా ఎవరూ వచ్చి అడగలేదు. తర్వాత పుస్తకం కూర్చిన మహానుభావుడు, తీసివేత సరిపోలేదని పదిహేడుని కొట్టేసి 28,043 చేశాడు. ఓట్లు మరీ తక్కువని, డిపాజిట్టు పోయినట్టు ధరావతు మాట కూడా తానే చేర్చాడు. ఒక తప్పుని నిలబెట్టడానికి ఇంకో రెండు తప్పులు చేర్చారన్నమాట. ఎనిమిదో ఎన్నికకి కాంపౌండరు టిక్కెట్టు అడగడానికి వెళ్తే, పార్టీవాళ్ళు పుస్తకం తెరిచి, “మూడు వేల ఓట్లవాడివి, నీకెందుకయ్యా ఈ సరదా?” అన్నారట. ఓటు వేసినవాళ్ళకి నిజం తెలుసు. కానీ వాళ్ళు ముసలివాళ్ళయ్యారు, కొందరు హద్దుల అవతలికి పోయారు. పుస్తకానికి ముసలితనం రాలేదు.

పదకొండేళ్ళ కిందట కాంపౌండరే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో గొడుగు, మనిషి దగ్గర మందుల వాసన. లెక్కింపు రోజున అధికారి సంతకం పెట్టి ఇచ్చిన ఫలితం కాగితాన్ని అర్జీకి జతచేసి ఇచ్చాడు. “తొందరేం లేదండీ, వీలు చూసి దిద్దండి,” అన్నాడు. కామా రసీదు రాసి, పొట్టి సంతకం పెట్టి, ముద్ర కొట్టి ఇచ్చాడు. ఆ నెలలోనే అతని ప్రమోషను ఫైలు పైకి వెళ్ళింది. ఆ సమయంలో తన తప్పుని తానే పైకి పంపితే, తన గొయ్యి తానే తవ్వుకున్నట్టు. అర్జీని బల్ల సొరుగులో అడుగున పెట్టాడు. ప్రమోషను వచ్చింది. ఆ తర్వాత బయటికి తీద్దామంటే, ఇన్నాళ్ళూ ఎక్కడుందని అడుగుతారు. ఆ భయంతోనే రెండు ముద్రణలు దాటిపోయాయి. ఇది మూడోది. వచ్చే నెలాఖరుకి కామా రిటైరవుతున్నాడు. ప్రూఫు సాయంత్రం ఐదింటికి ప్రెస్సుకి పోవాలి.

పొద్దున భోజనం డబ్బా సర్దుతూ భార్య అడిగింది. ఈ సంగతి ఆమెకొక్కదానికే తెలుసు. కూతురికి ఎప్పుడూ చెప్పలేదు.

“ఏమండీ, ఇవాళైనా నోరు విప్పుతారా, లేక ఎప్పటిలాగే మింగేసి ఇంటికొచ్చి కడుపునొప్పి అంటారా?”

“ఇవాళ చెప్పేస్తానే.”

“పోయినసారీ ఇదే మాట అన్నారు. అప్పుడూ ఈ డబ్బానే చేతిలో ఉంది.”

కామా సొరుగు లాగాడు. పాత కార్బన్ కాగితాలు, మూత పోయిన గమ్ము సీసా తీసి పక్కన పెట్టాడు. అడుగున అర్జీ ఉంది. గుండుసూది తుప్పు పట్టి కాగితం మీద గోధుమరంగు మచ్చ చేసింది. దాన్నీ ప్రూఫునీ పట్టుకుని మేడమ్ గదిలోకి వెళ్ళాడు. ఆమె అతని కూతురి వయసుది, చురుకైన అధికారి. కాగితం రెండుసార్లు చదివింది.

“నిజమేనండీ, పదిహేడు ఓట్లే. మరి ఈ అర్జీ ఇన్నేళ్ళూ ఎక్కడుంది?”

“నా సొరుగులో, మేడమ్.”

“అంటే?”

“టైపు చేసిందీ నేనే. దాచిందీ నేనే.”

చెప్పేశాడు. ఇంత చిన్న మాటకా పదకొండేళ్ళు పట్టింది అని తన మీద తనకే ఒళ్ళు మండింది.

మేడమ్ పెన్ను మూత పెట్టింది. “చూడండి సార్. అసలు రికార్డులు గడువయిపోయి ఎప్పుడో తగలబెట్టేశారు. ఈ ఒక్క కాగితం చూసి నేను అంకె మార్చలేను. పై ఆఫీసుకి రాయాలి, వాళ్ళు కమిటీ వెయ్యాలి. పుస్తకం ఇవాళ పోకపోతే నా మెడకి చుట్టుకుంటుంది. మీరేమో రిటైరయ్యే ముందు అనవసరంగా ఇరుక్కుంటారు.”

“ఇరుక్కుంటానమ్మా. ఫర్వాలేదు. ఒక్క సున్నా.”

“వచ్చే ముద్రణలో తప్పకుండా పరిశీలిద్దాం. ఒక నోట్ రాసిపెట్టి వెళ్ళండి.”

ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది. తనే వందలమందికి చెప్పాడు. కామా అర్జీ వెనక్కి తీసుకుని బయటికొచ్చి వరండాలో గోడకి ఆనుకున్నాడు. దాచినప్పుడు ఎవరూ అడగలేదు, తీసినప్పుడు ఎవరికీ అక్కర్లేదు. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక, డబ్బా మూత తియ్యకుండానే భోజనం వేళ గడిపేశాడు. ప్రెస్సువాడు నాలుగింటికే వచ్చి, మేడమ్ సంతకం పెట్టిన ప్రూఫు సంచిలో వేసుకుని పోయాడు.

నాలుగున్నరకి ఫోను మోగింది.

“సార్, పత్రికాఫీసు నుంచండీ. ఒక పాత ఎన్నిక వివరం కావాలి. ఏడో ఎన్నికలో కాంపౌండరు ఒకాయన నిలబడ్డాడు కదా, ఎన్ని ఓట్లొచ్చాయి?”

“ఇప్పుడెందుకు బాబూ?”

“పొద్దున పోయారండీ. చిన్న వార్త వేస్తున్నాం.”

కామా వేళ్ళు బల్ల మీద ఆడటం మానేశాయి. ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పాడు. “ముప్పై ఒక్క వేల నూట నలభై. పదిహేడు ఓట్లతో ఓడిపోయారు. రాసుకున్నారా?”

“మా దగ్గరున్న పుస్తకంలో మూడు వేల నూట పద్నాలుగని ఉందే!”

“పుస్తకం తప్పు.”

“ఎవరు చెప్పారని రాయమంటారు?”

“ఆ పుస్తకానికి తప్పు టైపు చేసిచ్చినవాడే చెప్పాడని రాయండి. నా పేరు వెయ్యండి.” హాజరు పట్టీలో ఉన్న పేరు చెప్పాడు. ఇంటిపేరుతో సహా చెప్పాడు.

“ఎందుకొచ్చిన గొడవ సార్, ఉన్నదే నాలుగు లైన్ల జాగా. ఓట్ల సంగతి తీసేసి, ‘ఒకసారి పోటీ చేశారు’ అని వేసేస్తాంలెండి.”

“బాబూ, ఒక్క మాట విను...” అన్నాడు. ఫోను అప్పటికే పెట్టేశారు.

అర్జీ మడిచి జేబులో పెట్టుకుని, సెలవు చీటీ రాయకుండా అతను వేళకి ముందు బయటికి నడవడం ఉద్యోగంలో అదే మొదటిసారి. అర్జీ మీది చిరునామా పట్టుకుని వెళ్తే, కాంపౌండరు ఇల్లు సైకిళ్ళ షాపు మీద రెండు గదులు. మెట్లు ఇరుకు. ముందుగదిలో మంచం మీద ఆయన్ని మెడదాకా దుప్పటి కప్పి పడుకోబెట్టారు. మనిషి ఎండిపోయి చిన్నగా అయిపోయాడు. పొరుగువాళ్ళు నలుగురు గోడవారగా నిలబడి ఉన్నారు. కాంపౌండరు భార్య తలగడ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. కామా తాను ఎక్కణ్ణుంచి వచ్చాడో చెప్పాడు.

“ఎన్నికలాఫీసా?” ఆమె తల ఎత్తింది. “ఆ కాయితం సంగతి తేలిందా నాయనా?”

“అమ్మా, ఆ తప్పు చేసింది...”

“మీరేగా. ఆయనకి తెలుసు. అప్పట్లో మీ బోర్డు మీద టైపు కాయితం చూసొచ్చారు, ఆధిక్యం పదిహేడనే ఉందిలే అని ఊరుకున్నారు. దాని కింద మీ పొట్టి సంతకం ఉందట. తర్వాత మీరిచ్చిన రసీదు మీదా అదే. రెండూ ఒకటే చెయ్యి అన్నారు.”

కామా జేబులో అర్జీని తడుముకున్నాడు.

“పైవాళ్ళకి రాయండని పోరు పెట్టేదాన్ని. ‘వద్దులే, పిల్లలుగలవాడు, ఉద్యోగానికి ముప్పొస్తుంది. చేసినవాడికే ఇచ్చొచ్చాను, వాడే దిద్దుతాడు’ అనేవారు. పుస్తకం వచ్చినప్పుడల్లా కొని తెచ్చి పన్నెండో పేజీ చూసేవారు.” ఆమె కళ్ళు తుడుచుకుని అడిగింది. “దిద్దారా మరి?”

“లేదమ్మా. దిద్దలేకపోయాను.”

ఆమె దుప్పటి అంచు సర్దింది. తిట్టినా బాగుండేదని కామాకి అనిపించింది. ఫలితం కాగితం జేబులోంచి తీసి, తుప్పు గుండుసూది పీకేసి, ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని అందరికీ కనబడేలా చాపి చూపించి, పక్కింటావిడకి గట్టిగా చదివి వినిపించమంది. ముప్పై ఒక్క వేల నూట నలభై అని ఆవిడ చదువుతుంటే కామా చెప్పులు వెతుక్కుని మెట్లు దిగాడు.

మంచం పక్క స్టూలు మీద కాంపౌండరు కళ్ళజోడు డబ్బా మూత తెరిచే ఉంది. అందులో నాలుగు మడతలు పెట్టిన రసీదు ఉంది. పైమడత మీద ముద్ర సిరా వెలిసిపోయినా, ‘పరిశీలించి తెలియజేయబడును’ అన్న అక్షరాలు, వాటి కింద పొట్టి సంతకం ఇంకా స్పష్టంగానే ఉన్నాయి.