సెఖాలా ఊరి తెడ్డు

ఆగస్టు గాలి మాఖోత్సో ఇంటి కప్పును ఎత్తుకుపోయింది. పోనీ తీసుకెళ్ళి ఎక్కడైనా ఒకచోట పడేసిందా అంటే అదీ లేదు. పరకా పరకా విడదీసి మొలూపె ఊరంతా చల్లింది. ఊరి మేకలకు పండగే పండగ. కప్పు లేస్తూ లేస్తూ గోడ పైవరస రాళ్ళను కూడా ఊడబెరికింది, ఆ రాళ్ళు వేరే చోటు లేనట్టు వెళ్ళి బీరు సామాను మీద పడ్డాయి. అత్తగారి నాటి మట్టి బాన, వడపోత బుట్ట, పొడుగాటి తెడ్డు, అన్నీ ఒక్క దెబ్బకు తుక్కయ్యాయి. మొగుడు పోయాక ఆమెకు మిగిలింది ఆ చుట్టిల్లు, ఆ సామానూ. కొడుకు ఖోత్సో గొర్రెల వెంట కొండ ఎక్కాడు, ఇప్పట్లో దిగడు. అప్పటినుంచి మాఖోత్సో పక్కింట్లో, ఆడపడుచు లిఖాపా వంటగదిలో, పిండి బస్తాలకూ కోళ్ళకూ మధ్య పడుకుంటోంది.

కప్పు వేయాలంటే ఊరు కదిలి రావాలి. ఊరు కదలాలంటే బీరు కాయాలి. పని ఉన్నవాళ్ళు జొన్న బీరు కాచి పిలుస్తారు, జనం వచ్చి పని చేసి, తాగి, పాడుకుంటూ పోతారు. మొలూపెలో ఎవరి ఇల్లు లేచినా అలాగే లేచింది. మాఖోత్సో కూడా ఎన్ని ఇళ్ళకు గడ్డి మోసిందో, ఎన్ని బానలకు తోడు వేసిందో లెక్కలేదు. ఇప్పుడు తన వంతు వచ్చేసరికి కాయడానికి గిన్నె లేదు.

"కొట్లో అట్టపెట్టెల్లో దొరుకుతుంది కదా తాతా, అది తెప్పిస్తే?" అని ఒకసారి ఖ్వబానె తాతను అడిగి చూసింది. చుట్టుపక్కల కప్పు వేయడంలో ఆయన చెయ్యి పడితే తిరుగులేదు. నోరు కూడా అంతే.

"అట్టపెట్టె బీరు తాగితే నాకు కప్పు వంకరగా కనిపిస్తుంది. కనిపించినట్టే వేస్తాను, నీ ఇష్టం" అన్నాడు ఆయన. "మూడు వారాలాగి శనివారం వస్తా. బానలో నురగ ఉంటే నిచ్చెన ఎక్కుతా. లేకపోతే ఆదివారం నా కూతురు దగ్గరికి కొండ మీదికి పోతున్నా. మళ్ళీ కోతలకే."

కోతల దాకా అంటే వానాకాలమంతా. మట్టితో పేర్చిన రాతిగోడ కప్పు లేకుండా నాలుగు వానలు చూసిందంటే మట్టి కరిగి కూలి కూర్చుంటుంది. ఇల్లే ఉండదు.

వాన మాట మాత్రం ఆమె ఎవరి దగ్గరా ఎత్తలేకపోయింది. ఎందుకంటే అక్టోబరు వచ్చేసినా చినుకు లేదు. చేలు బీటలు తీశాయి, వాగు ఎండి ఆడవాళ్ళు ఇసకలో చెలమలు తీసుకుంటున్నారు. గుడిలో అందరూ మోకాళ్ళ మీద పడి వాన కోసం ఏడుస్తుంటే, తనొక్కతే పెదాలు కదిపీ కదపకుండా, "శనివారం దాటనీ స్వామీ, ఒక్క శనివారం" అని వేడుకునేది. ఊరంతటికీ అడ్డుపడుతూ ప్రార్థన చేస్తున్నానని సిగ్గేసేది. సిగ్గుపడుతూనే చేసేది.

సామాను వేట మొదలుపెట్టింది. పట్నం కొట్లో తళతళలాడే స్టీలు గుండిగలున్నాయి. వాటిలో తన మొహం చూసుకుని, తలగుడ్డ సర్దుకుని, బయటికి వచ్చేసింది. ఊళ్ళో ఎవరు పోయినా వచ్చినవాళ్ళకు వండిపెట్టే చావుల సంఘం వాళ్ళకు మూడు కాళ్ళ పెద్ద ఇనప కుండ ఉంది, అడిగితే ఇచ్చారు. "ఇందులో ఇంతవరకు చావు కూడే ఉడికిందమ్మా. సంతోషానికి ఉడకడం ఇదే మొదలు, మర్యాదగా చూసుకో" అంది సంఘం పెద్దావిడ. బడి వంటశాలలో పారేసిన నూనె డ్రమ్ము ఒకటి దొరికింది. నూనె జిడ్డు ఇసుమంత ఉన్నా నురగ చచ్చిపోతుంది కాబట్టి దాన్ని బూడిదతో తోమి, ఎండబెట్టి, పొద్దున్నే తల లోపలికి దూర్చి వాసన చూసి, మళ్ళీ తోమేది. వడపోత బుట్టను గడ్డితో తనే అల్లుకుంది.

"ఇది వడపోతా వదినా? కోడిని పొదగేయడానికేమో అనుకున్నా" అంది లిఖాపా.

"నోరు ముయ్యవే. పిప్పి ఆగితే చాలు, అందంతో పనేముంది?"

"నీ పెళ్ళప్పుడు మా అమ్మ కూడా అదే అంది!"

ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. ఇక మిగిలింది తెడ్డు. అంత పెద్ద కుండలో పొట్టి తెడ్డు పెడితే కనుబొమలు కాలడమే. మనిషెత్తు తెడ్డు కావాలి. అలాంటిది పక్క ఊరు సెఖాలాలో, ఊరిపెద్ద ఇంట్లో ఉంది. ఆ ఊరిపెద్ద భార్య మాఖోత్సోకు సొంత పిన్ని.

బుధవారం పొద్దున, పులిసిన పిండిని కాయాల్సిన రోజు, లిఖాపాను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, "నీళ్ళు మరగనీ, నేను వచ్చాకే పిండి పోద్దాం" అని చెప్పి మాఖోత్సో వాగు దాటింది. పిన్ని చీపురు చేతిలో ఉండగానే గోడవైపు చూపించింది. "తీసుకుపోవే. కప్పు వేశాక తెచ్చి ఇవ్వు. నాకు నడుం నొప్పి, గుమ్మం దాకా రాలేను" అంది. మాఖోత్సో తెడ్డును భుజాన వేసుకుని, దగ్గరి దారి కదా అని పెరటి గుండా బయటపడింది.

అక్కడే బుద్ధి గడ్డి తింది. వానలు మొహం చాటేసిన ఏడు పక్క ఊరి ఆడది ఊరిపెద్ద ఇంట్లోంచి తెడ్డు భుజాన వేసుకుని పెరటిదారిన పోతోందంటే దానికి అర్థం ఒకటే. తాతమ్మల నాటినుంచీ అంతే. వాన కావాల్సిన ఊరి ఆడవాళ్ళు అవతలి ఊరిపెద్ద ఇంట్లో తెడ్డు దొంగిలిస్తారు, వీళ్ళు తరుముతారు, వాళ్ళు చేతులు మార్చుకుంటూ పరిగెడతారు. తెడ్డు ఏ ఊరు చేరితే వాన ఆ ఊరిది. మగవాళ్ళు ఆ దరిదాపులకు రారు. ఇవన్నీ పుట్టినప్పటినుంచీ తెలిసిన మనిషే మాఖోత్సో. కానీ ఆ పూట ఆమె తల నిండా పొయ్యి మీది కుండే ఉంది.

"పట్టుకోండే! మొలూపె దొంగముండ తెడ్డు ఎత్తుకుపోతోంది!" కుళాయి దగ్గర ఎవరో అరిచారు.

"అడిగి తెచ్చుకున్నానే తల్లీ! మా పిన్నే ఇచ్చింది!"

"ఏ దొంగైనా అదే అంటుంది! కొంగులు దోపండే!"

బిందెలు దబదబా నేలకు దిగాయి. ఆగి చెబితే వినే మొహాలు కావవి, అప్పుడే పాట ఎత్తుకున్నారు. చేతికి చిక్కిందంటే తెడ్డు లాక్కుని తాళమేస్తారు, ఇక బీరు లేదు, ఇల్లు లేదు. మాఖోత్సో పరిగెత్తింది. ఒంటికి చుట్టుకున్న కంబళి పిన్ను ఊడి ఎక్కడో పడింది, కంబళి దాని వెనకే పోయింది. వాగులో చెలమల దగ్గరున్న మొలూపె ఆడవాళ్ళు తలెత్తి చూశారు. తెడ్డు, పరుగు, వెనక సెఖాలా గుంపు. ఇంకేం చెప్పాలి వాళ్ళకు?

"మన మాఖోత్సోనే! ఎవరికీ చెప్పకుండా ఒక్కతే వెళ్ళి కొట్టుకొచ్చిందే!"

"ఇటు విసురు! ఇటు!"

"విసరను! నా బీరుకే అది!" అని ఆమె మొత్తుకుంటూనే ఉంది. ఎవరో లాగారు. తెడ్డు గాల్లోకి లేచింది. ఒక చేతిలోంచి ఇంకో చేతికి, ఆ చేతిలోంచి మరో చేతికి పోతూ, చివరికి ఎవరి చేతిలో పడిందో చూస్తే లిఖాపా! కేకలు విని ఆమే వచ్చేసింది. చిన్నపిల్లలా గెంతుతూ గట్టెక్కి, తెడ్డును మొలూపె ఊరిపెద్ద వాకిట్లో నాటేసింది. నాలుకలు ఆడిస్తూ ఆడవాళ్ళు కూసిన కూతలకు కుక్కలు కూడా లేచి నిలబడ్డాయి.

నాటిన తెడ్డును వాన పడేదాకా కదపరు. మాఖోత్సో గోడకు ఆనుకుని రొప్పుతూ దాన్నే చూస్తూ ఉండిపోయింది. అంతలో పిన్ని వచ్చింది, నడుం పట్టుకుని, ఇద్దరి భుజాల మీద చేతులు వేసుకుని.

"ఏమిటీ గోల? దాన్ని నేను..." అని ఆగింది. తెడ్డు ఇచ్చింది అయితే దొంగతనం కాదు, దొంగతనం కాకపోతే వాన లేదు. రెండు ఊళ్ళ ఆడవాళ్ళూ మాఖోత్సో వైపు తిరిగారు.

"చెప్పవే" అంది పిన్ని మెల్లగా. "ఇచ్చానా, దొంగిలించావా?"

ఇచ్చింది అంటే చాలు. తెడ్డు చేతికొస్తుంది, కప్పు వస్తుంది. నోటి దాకా వచ్చింది ఆ మాట. కానీ ఎదురుగా ఉన్న మొహాలు చూసింది. వాళ్ళు ఇలా నవ్వి ఎన్ని నెలలైందో. విత్తనాలు వండుకు తింటున్న ఇళ్ళు అందులో ఉన్నాయి. ఇన్నాళ్ళూ వీళ్ళకు అడ్డుపడుతూనా నేను దేవుణ్ణి అడిగింది అనుకుంది.

"దొంగిలించాను" అంది. "పిన్ని ఊడుస్తుంటే."

"నా కళ్ళముందే!" అని పిన్ని గుండెలు బాదుకుంది. "అక్క కూతురని లోపలికి రానిస్తే!" అలా బాదుకుంటూనే మాఖోత్సో వైపు చూసిన చూపులో కోపం మచ్చుకైనా లేదు.

మళ్ళీ కూతలు లేచాయి. ఆ సందడిలో మాఖోత్సోకు ఒక్కసారిగా పొయ్యి గుర్తొచ్చింది.

"లిఖాపా! కుండ దగ్గర ఎవరున్నారే?"

లిఖాపా నోరు తెరుచుకుంది. "నీళ్ళు మరిగాయి... నువ్వు వచ్చేస్తావని... పిండి పోసేశాను వదినా."

అంటే అడుగంటేసి ఉంటుంది. మాడిన బీరు పందులు కూడా తాగవు, ఇంకో కుండకు జొన్నల్లేవు. మాఖోత్సో ఏడుస్తూనే పరిగెత్తింది. ఆమె వెనక లిఖాపా, లిఖాపా వెనక రెండు ఊళ్ళూ.

వాకిట్లో పొగ లేదు. మాడు వాసనా లేదు. కుండ దగ్గర ఖ్వబానె తాత నిలబడి ఉన్నాడు, ఆడవాళ్ళు వంటప్పుడు కట్టుకునే గుడ్డ ఒకటి నడుముకు చుట్టుకుని. చేతిలో కొత్త వాసం, బెరడు ఒలిచింది. దాంతో కుండను అడుగునుంచి కలుపుతున్నాడు, చెమటలు కారుతున్నాయి. వాసాలు కొలుచుకుందామని వచ్చాడట. తెడ్డు పాట వినగానే మగాడు బయట తిరగకూడదని గోడ చాటుకు తప్పుకున్నాడట. కుండ పొంగుతుంటే ఎంతసేపని చూస్తాడు?

మగాడు బీరు కుండ కలపడం ఆ రెండు ఊళ్ళలో ఎవరూ ఎరగరు. కంచె పొడుగునా ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

"ఏం చూస్తున్నారు?" అని గద్దించాడు తాత. చెవులు కాలిపోతున్నాయి ఆయనకు. "శనివారం నేను తాగేది ఇదే కదా! ఈ మాట మగవాళ్ళ దగ్గర అన్నారో, మీ కప్పులన్నీ తలకిందులుగా నేస్తా. ఇదిగో, ఎవరైనా పట్టుకోండి, చేతులు పోయాయి."

మాఖోత్సో వాసం అందుకుని అడుగు గీరి చూసింది. ఎక్కడా అంటలేదు, మెత్తగా, పాకం చక్కగా తిరుగుతోంది. అమ్మయ్య అని అక్కడే కూలబడింది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, దేన్నీ ఆపుకోలేదు. పిన్ని వచ్చి కొంగుతో ఆమె మొహం తుడిచింది.

"శనివారం మేమూ వస్తాంలే" అంది పిన్ని. "మా వానను ఎత్తుకొచ్చావు, కనీసం మీ బీరైనా తాగాలి కదా."

సాయంత్రానికి చల్లార్చి తోడు వేసింది. శుక్రవారం డ్రమ్ము మీద చెవి పెడితే లోపల సన్నగా సలసలమంటోంది. శనివారం మూత తీస్తే నురగ అంచు దాటింది. వంకర బుట్ట పిప్పినంతా ఆపింది, లిఖాపా కిక్కురుమనలేదు. ఇద్దరు పట్టాల్సిన గడ్డి మోపును ముగ్గురు పట్టేంతమంది వచ్చారు. మాఖోత్సో ఒకటే తిరుగుడు, పోయడం, చూరు కింద నిలబడి పైకి చూడడం, మబ్బు వైపు చూడడం. మధ్యాహ్నం దాటాక పడమట నల్లబడింది. తాత కప్పు కొన దగ్గర ఆఖరి కట్టు బిగిస్తూ, "నిచ్చెన పట్టండ్రా!" అని అరిచేలోపు పెద్ద చినుకు ఆయన బట్టతల మీద పడింది.

ఊరంతా వాకిట్లో గెంతింది. తర్వాత వాన ముదిరి, గాలి తోడై, అందరూ తోసుకుంటూ చుట్టింట్లోకి దూరారు. డ్రమ్మునూ లోపలికి లాక్కున్నారు. మాఖోత్సో ఒక్కతే వాకిట్లో నిలబడిపోయింది. తలగుడ్డలోంచి నీళ్ళు మెడ మీదికి దిగుతున్నాయి. ఆగస్టు నుంచి ఏ మబ్బును చూసినా వణికిన మనిషికి ఇప్పుడు ఏ భయమూ లేదు. కురవనీ, ఎంత కురిస్తే అంత కురవనీ.

"వదినా, పిచ్చెక్కిందా! లోపలికి రా, తడిసి చస్తావ్!" లిఖాపా గుమ్మంలోంచి కేకేసింది.

"లోపల ఎక్కడైనా కారుతోందేమో చూడవే!"

"ఎక్కడా లేదు!"

"మళ్ళీ చూడు!"

"చూశాను! చుక్క కూడా లేదన్నానా!"

"ఇంకొక్కసారి చెప్పవే" అంది మాఖోత్సో.