వెనక గొంతు

పొద్దున టిఫినుకు బొరుగుల ఉగ్గాని చెయ్యడానికి ఎర్రగడ్డలు తరుగుతోంది సాయిసుధ. ముందు గదిలో ఫోను చూస్తూ కూచున్న ఆమె భర్త చంద్రమోహన్, నిన్న పెట్టిన వీడియో కింద ఎవరో నెల్లూరావిడ రాసింది పైకి చదివాడు. వెనక నుంచి ఒక అక్క మెల్లగా ‘ఎర్రగడ్డ పొట్టు రంగు’ అంటోంది కదా, ఆ చీరే కావాలట. ఆ అక్కనే ముందుకొచ్చి చూపించమనండి అని కూడా రాసిందట. సాయిసుధ చేతిలో కత్తి ఆగింది. కళ్లలో నీళ్లు ఉల్లి ఘాటువే గానీ, లోపల పొంగింది మాత్రం ఇంకేదో. ఆయన మాత్రం మొహం ముడుచుకున్నాడు.

“నీ గుసగుసంతా వీడియోలో పడతాండాది. కెమెరాకు వేరే మైకు కొనాల.”

ధర్మవరంలో ఇంటి ముందు గదే వాళ్ల పట్టుచీరల అంగడి. రెండేళ్లుగా యూట్యూబులో చూపించి అమ్ముతున్నారు. చూపించేది ఆయన. అరచేతిలో ఇమిడే ఆ చిన్న వీడియో కెమెరా పట్టుకుని వెనక నిలబడేది ఈమె. చీరల మడతలు విప్పేదీ, చెదరకుండా మళ్లీ మడిచేదీ, ఆయన తడబడిన చోట్లన్నీ మధ్యాహ్నం కూచుని కత్తిరించేదీ ఈమే. అయినా ఎవరన్నా అడిగితే, “మా ఇంటామె ఖాళీగానే ఉంటాది” అంటాడు.

ఆయనకు మాటకారితనం ఉంది, చీర తెలియదు. సాయిసుధ అలా కాదు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేసే నాయన పక్కన కూచుని పట్టుదారం కండెలు చుట్టిన పిల్ల ఆమె. నిలువు పోగు పడుగు ఒక రంగూ, అడ్డపోగు పేక ఒక రంగూ అయితే వెలుతురులో చీర రెండు ఛాయలుగా ఎలా మెరుస్తుందో చూడగానే చెబుతుంది. ఆయనకు తెలిసిన రంగులు ఎరుపు, పింకు, బ్లూ. ఆపైన గుటకలు మింగడమే. అందుకే వెనక నుంచి మెల్లగా మాట అందిస్తుంది. కెమెరా లోపలి మైకుకు అందరికన్నా దగ్గరగా ఉన్న నోరు ఆమెదే కాబట్టి, ఆ గుసగుస కూడా పడిపోయేది. తీసేస్తే ఆయన మాటలూ తెగుతాయని ఉంచేసేది. అది సాకేనని ఆమెకు తెలుసు. అంట్లు తోముతూ పాత వీడియోలు పెట్టుకుని ఆ గుసగుస కోసమే చెవి ఒగ్గేది. ఈ ఇంట్లో తన గొంతు మిగిలి ఉన్న చోటు అదొక్కటే మరి.

అత్త ఓబులమ్మ పెళ్లిచూపుల్లోనే చెప్పింది, “మా ఇంట్లో ఆడోళ్ల మాట బజారుకు ఇనపడదు” అని, అదేదో ఆస్తి అయినట్టు గొప్పగా. అప్పుడు నాయన తలూపాడు. ఎన్ని మర్చిపోయినా నాయన ఆ తలూపడం మాత్రం సాయిసుధ మర్చిపోలేదు.

మైకు కోసం రైల్లో హిందూపురం బయలుదేరారు. అంగట్లో వాళ్లేమన్నా అడిగితే జవాబు చెప్పేవాళ్లుండాలని ఆమెను వెంట తీసుకెళ్లాడు. కెమెరా కూడా తీసుకుపోదామని ఆమె అంటే, “మైకు కొనేదానికి కెమెరా ఏంటికి? నీదొక చాదస్తం” అన్నాడు. అన్ని కెమెరాలకూ మైకు తగిలించే రంధ్రం ఉండదనీ, ఉన్నా పిన్ను సరిపోవాలనీ కెమెరాతో వచ్చిన పుస్తకంలో ఆమె చదివింది. అయినా కెమెరాను తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకుంది. పెనుకొండ దాటేదాకా ఆయన ఫోన్లోంచి తలెత్తలేదు, ఆమె ఒళ్లోంచి సంచి దించలేదు.

అంగట్లో హరిత అనే అమ్మాయి మొదట అడిగిందే కెమెరా. సాయిసుధ తీసి బల్ల మీద పెడితే, ఆ పిల్ల రబ్బరు మూత ఎత్తి రంధ్రం చూసి, “తెచ్చి మంచి పని చేసినారన్నా, చానామంది తేరు” అంది చంద్రమోహన్‌తో. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఇలాంటివి సాయిసుధకు కొత్త కాదు, అయినా ఒళ్లు మండింది.

హరిత రెండు రకాలు తీసి పెట్టింది. ఒకటి కెమెరా నెత్తిన కూచుని ఎదుటి మాటనే పట్టుకునేది. ఇంకోటి బట్టలకు తగిలించుకునేది, వైరు ఉండదు, జతగా వస్తుంది.

“ఒక గొంతుకా, రెండు గొంతులకా అన్నా?”

“ఒకటే,” అన్నాడు చంద్రమోహన్, ఆలోచించకుండానే.

అయినా ఆ పిల్ల ఊరుకోలేదు. జతలో ఒకటి సాయిసుధ పైటకు తగిలించి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, ఏదన్నా మాట్లాడక్కా అంది. సాయిసుధకు నోటికొచ్చింది ఒకటే మాట. “ఎర్రగడ్డ పొట్టు రంగు,” అంది. ఆ మాట నిండుగా, దగ్గరగా, ఎవరికీ భయపడని మనిషి అన్నట్టుగా చెవుల్లో పలికింది. ఇది నా గొంతేనా అనుకుంది. ఇన్నాళ్లూ గుసగుసగా తప్ప తన గొంతు తను వినలేదే! ఏడుపొచ్చింది. చీరలు చూస్తున్నట్టు మైకులు చూస్తూ తల వంచుకుంది.

తర్వాత కెమెరా నెత్తిన పెట్టే మైకు తగిలించి, ఈసారి వెనక నిలబడి మాట్లాడమంది హరిత. ఈసారి తన మాటే పక్కింట్లో ఎవరో గొణుగుతున్నట్టు వినపడింది. చంద్రమోహన్ హెడ్‌ఫోన్లు తీసుకుని తనూ విని, “ఆఁ, ఇదే నాకు కావాల్సింది” అన్నాడు. మరి అక్క మాట్లాడదా అని హరిత అడిగితే, “ఆమెకేముంటాది మాట్లాడేకి? బటన్ నొక్కేదే” అన్నాడు. ఆ తర్వాత పెద్ద మనసు చేసుకుని, మైకు మీద వేసే బొచ్చు తొడుగు నలుపా, బూడిద రంగా అన్నది మాత్రం ఆమెనే ఎంచుకోమన్నాడు. ఆమె నలుపు చూపించింది.

మర్నాడు పొద్దున వీధి తలుపు వెలుతురులో కొత్త మైకుతో మొదలుపెట్టారు. నెల్లూరావిడ అడిగిన చీరే మొదటిది. చంద్రమోహన్ చీర కొంగు విప్పి, నమస్తే అక్కా అని, అంచు గురించి నాలుగు మాటలు చెప్పి, రంగు దగ్గరికొచ్చి ఆగాడు. అలవాటుగా కెమెరా వెనక్కి చూశాడు. మాట సాయిసుధ నాలుక చివరే ఉంది. పళ్లు బిగించింది. ఆయన చీరను అటు తిప్పి, ఇటు తిప్పి, పింకు మాదిరి అన్నాడు. కాదన్నాడు. మళ్లీ ఆమె వైపు చూశాడు.

“చెప్పవేమే?”

“వెనక మాట వద్దనే గదా ఇది తెచ్చింది.”

“మైకుకు వద్దు. నాకు చెప్పల్ల గదా. నువ్వు చెప్పకుంటే నాకు యాడ తెలుస్తాది?”

సాయిసుధ కెమెరాను ఆయన మొహం మీదే ఉంచింది. రికార్డవుతోందని చెప్పే ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. మధ్యాహ్నం కూచుని ఈ ముక్క కత్తిరించాల్సింది తనే. ఎందుకు కత్తిరించాలి? ఆయన అన్న ప్రతి మాటా జనానికి శుభ్రంగా వినపడాలనే కదా, హిందూపురం దాకా పోయి తెచ్చింది.